సిమెంటు బస్తా కాదు... మనిషి!

ఇంటికి స్లాబు పోసే రోజు. కింద మిల్లరు తిరుగుతుంటుంది. కాంక్రీటు తొట్టి లిఫ్టులో పైకీ కిందికీ పోతుంటుంది. మెట్లెక్కే ఓపిక లేని కుర్రాడొకడు ఆ తొట్టి అంచున కాలు పెట్టి, తీగ పట్టుకుని పైకి వెళ్లిపోతాడు. మేస్త్రీ చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. ఇంటి యజమాని 'హుషారైనవాడు' అనుకుంటాడు. ఎవరూ ఆపరు.

మా కోనరావుపేట, సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల వైపు వ్యవసాయ బావులు తవ్వే చోట, పూడిక తీసే చోట ఇది మరీ మామూలు. మట్టి తోడే క్రేన్ బకెట్‌లోనే మనుషులు లోపలికి దిగుతారు, సాయంత్రం అందులోనే పైకి వస్తారు. కాళేశ్వరం పథకంలో భాగంగా కోనరావుపేట మండలంలోనే 3 టీఎంసీల మల్కపేట రిజర్వాయరు కట్టారు. సొరంగాలు, పంపుహౌస్‌లు, క్రేన్లు ఇక్కడివారికి కొత్త కాదు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవారికైతే 'మ్యాన్ బాస్కెట్' అన్న మాట కూడా తెలుసు. అయినా సొంతూళ్లో పని అనేసరికి ఆ జాగ్రత్త గుర్తుకు రాదు.

తీగ తెగితే ఏమవుతుందో 2022 జులై చివరి వారంలో చూశాం. నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ దగ్గర పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకం పనుల్లో, రాత్రివేళ కూలీలను క్రేన్‌తో పంపుహౌస్‌లోకి దించుతుండగా తీగ తెగిపోయింది. అయిదుగురు చనిపోయారు.

బరువు ఒకటే, తేడా ఎక్కడ?

'అయిదు క్వింటాళ్ల కాంక్రీటు మోసే తీగ, అరవై కిలోల మనిషిని మోయలేదా?' అని అడుగుతుంటారు. మోస్తుంది. కానీ సమస్య బరువుతో తీరిపోదు. బస్తా కదలదు, మనిషి కదులుతాడు. అంచు మీదికి వంగుతాడు, కిందివాళ్లను పిలుస్తాడు, కళ్లు తిరిగితే చేయి వదిలేస్తాడు. బస్తా జారిపడితే నష్టం కొన్ని వందల రూపాయలు. అందుకే సామాను ఎత్తే యంత్రాల్లో తీగ కాస్త అరిగినా 'ఇంకో నెల నడుస్తుందిలే' అని సరిపెట్టుకుంటారు.

పడే వేగం కూడా మనం ఊహించేదానికంటే ఎక్కువ. మూడు మీటర్ల నుంచి, అంటే ఒక అంతస్తు నుంచి పడితే నేలను తాకే వేగం గంటకు దాదాపు 28 కిలోమీటర్లు. పది మీటర్ల నుంచైతే 50 కిలోమీటర్లు. కిందికి చేరడానికి పట్టేది సెకనున్నర. ఆ లోపు దేన్నయినా పట్టుకోవడం సాధ్యం కాదు.

మరో దారి ఉందా?

క్రేన్ అనేది సరుకు ఎత్తడానికి. నిచ్చెన, మెట్లు, పరంజా, మనుషుల కోసమే తయారైన లిఫ్టు... వీటిలో ఏదీ కుదరనప్పుడు, లేదా అవి ఇంకా ప్రమాదకరమైనప్పుడు మాత్రమే మనిషిని క్రేన్‌తో ఎత్తాలన్నది అమెరికా నిబంధనల్లో మొదటి సూత్రం. ఆ తప్పనిసరి పరిస్థితిలోనూ కొన్ని షరతులున్నాయి.

• చుట్టూ కటకటాలున్న, మనుషుల కోసమే చేసిన బుట్ట ఉండాలి. కాంక్రీటు తొట్టి, జేసీబీ బకెట్, కొక్కేనికి కట్టిన పలక పనికిరావు.
• బుట్ట, మనుషులు, పనిముట్లు అన్నీ కలిపినా ఆ క్రేన్ మోయగల బరువులో సగం దాటకూడదు.
• మనుషులు ఎక్కకముందు, వారి బరువుకు తగ్గ బరువును బుట్టలో పెట్టి, అదే దారిలో ఒకసారి మనుషులు లేకుండా పంపి చూడాలి.
• నడుముకు, భుజాలకు పట్టీలుండే హార్నెస్ వేసుకుని దాన్ని బుట్టకు తగిలించాలి.
• మనుషులు బుట్టలో ఉన్నంతసేపూ ఆపరేటర్ సీటు వదలకూడదు. దించేటప్పుడు బ్రేకు వదిలేసి జారవిడవకూడదు, ఇంజన్ అదుపులోనే దించాలి.

మన దేశంలోనూ 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద 1998లో వచ్చిన కేంద్ర నిబంధనలు, ఎత్తే యంత్రాలను అర్హత ఉన్నవారు పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వాలని చెప్పాయి. ఈ జాగ్రత్తలన్నీ పెద్ద ప్రాజెక్టులకే అనుకోవద్దు. ఇంటి పనిలో, బావి పనిలో కనీసం తీగను చూడండి. పోగులు తెగి ముళ్లలా పైకి లేచినా, తుప్పు పట్టినా, మెలిపడినా దాన్ని మార్చేదాకా పని ఆపాలి.

ఎక్కేవారి ఒంట్లో బాగుందా?

యంత్రాన్ని చూసినట్టే మనిషినీ చూడాలి. ఫిట్స్ ఉన్నవారు, తరచూ కళ్లు తిరిగేవారు ఎత్తు మీద, లోతులో పనిచేయకూడదు. షుగరు మాత్రలో ఇన్సులినో తీసుకుని అన్నం తినకుండా వచ్చినవారికి షుగరు పడిపోయి చెమటలు పట్టి స్పృహ తప్పవచ్చు. జలుబు, దురదలకు వాడే కొన్ని మాత్రలు మత్తునిస్తాయి. రాత్రి తాగినవారిని, నిద్ర లేనివారిని ఆ రోజు కింది పనికే పెట్టాలి.

మా ప్రాంతంలో ఇంకో సంగతి చెప్పుకోవాలి. మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటుపడినవారు ఒక్కసారిగా మానేసినా వణుకు, ఫిట్స్ రావచ్చు. 'ఈ రోజు తాగలేదు' అన్నంత మాత్రాన పైకి ఎక్కించడం క్షేమం కాదు. ఆపరేటర్‌కూ ఇవన్నీ వర్తిస్తాయి. అతనికి చూపు, వినికిడి పరీక్షలు కూడా చేయించాలి.

పడిపోతే ఏం చేయాలి?

కంగారులో అందరూ చేసే పని ఒకటుంది. ఒకరు చేతులు, ఒకరు కాళ్లు పట్టి ఆటోలో కుదించి తెస్తారు. వెన్నుపూస విరిగి ఉంటే ఈ మోతలోనే వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడిపోవచ్చు.

• వెంటనే 108కు ఫోన్ చేయండి. పక్కన మరో ముప్పు లేకపోతే మనిషిని కదపకండి. తల, మెడ అటూ ఇటూ తిరగకుండా రెండు చేతులతో పట్టుకోండి. 
• రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. 
• నీళ్లు, చాయ్ తాగించకండి. 
• స్పృహ, శ్వాస లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కండి.
• హార్నెస్‌కు వేలాడుతున్న మనిషిని వీలైనంత త్వరగా దించండి. కదలకుండా వేలాడితే రక్తం కాళ్లలో నిలిచి కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. దించేదాకా కాళ్లు ఆడించమనండి, దించాక వెల్లకిలా పడుకోబెట్టండి.
• బావిలో స్పృహ తప్పితే కాపాడదామని వెంటనే మరొకరు దిగవద్దు. లోపల గాలి అందక ఇద్దరూ పడిపోవచ్చు.

కాళ్ల మీద పడినవారు 'మడమ నొప్పి తప్ప ఏం లేదు' అంటారు. మడమ ఎముక విరిగేంత దెబ్బ నడుము పూసలదాకా పోతుంది కాబట్టి అక్కడా ఎక్స్‌రే తీయించాలి. కడుపులో రక్తస్రావం కూడా వెంటనే బయటపడకపోవచ్చు. పైకి గాయం లేకపోయినా ఆసుపత్రికి రావాల్సిందే. తలకు, వెన్నుకు పెద్ద దెబ్బయితే ఇక్కడి నుంచి చాలాసార్లు కరీంనగర్‌కో హైదరాబాద్‌కో పంపాల్సి వస్తుంది. దారిలో పోయే ప్రతి గంటా రోగికి నష్టమే.

యజమాని మాటే చెల్లుతుంది

పొద్దున కూలికి వచ్చిన మనిషి 'నేను ఈ తొట్టిలో ఎక్కను' అనలేడు. అంటే రేపు పని ఉండదేమోనని భయం. ఆ మాట అనగలిగేది డబ్బులిచ్చే మనమే. స్లాబుకు మేస్త్రీతో, బావికి క్రేన్ యజమానితో రేటు మాట్లాడుకునే రోజే ఒక షరతు పెట్టండి. సామాను లిఫ్టులో మనిషి ఎక్కకూడదు, బావిలోకి దిగేందుకు నిచ్చెన గానీ, కటకటాల బుట్ట, హార్నెస్ గానీ ఉండాలి. దానికి కాస్త ఎక్కువ ఖర్చయితే అది కూడా ఇంటి ఖర్చులోనే రాసుకోండి. పనికి వచ్చినవారు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకున్నారో లేదో కూడా అడగండి. లేకపోతే చేయించుకోమని చెప్పండి.

- వ్యాసకర్త ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులు, ఎంబీబీఎస్, ఎండీ