పాత సర్ఫ్‌బోర్డును మళ్లీ చెక్కించవచ్చునా?

ఇంట్లో పాతబడిన గొలుసును చెరిపించి కొత్త నగ చేయించుకోవడం మనకందరకు తెలిసిన పనే. తరుగు కొంత పోతుంది, మజూరీ కొంత ఇవ్వవలసి వస్తుంది. అయినా బంగారం బంగారంగానే మిగులుతుంది. కరిగిన లోహం కోరిన రూపం ధరిస్తుంది. కొయ్యపీట సంగతి అట్లా కాదు. చిత్రిక పట్టి దానిని చిన్నది చేయవచ్చునే గాని పెద్దది చేయలేము. సముద్రపు అలలపై నిలబడి జారే క్రీడకు వాడే సర్ఫ్‌బోర్డు కొయ్యపీట జాతిదే. పాత పలక పైపొర ఊడదీసి, లోపలి దిమ్మను తిరిగి చెక్కి, కొత్త పొర తొడిగించడం లాభమా, నష్టమా అనే ప్రశ్న హవాయిలోను, కాలిఫోర్నియాలోను, ఆస్ట్రేలియాలోను పలకలు కలవారికి ఏదో ఒకనాడు ఎదురవుతూనే ఉంటుంది. దానికి సమాధానం ఎట్లా వెదకవలెనో ఈ ప్రసంగంలో మనవి చేస్తాము.

ముందుగా పలక నిర్మాణం తెలియవలెను. హవాయి ప్రజలు పూర్వం కొయ్యతోనే పలకలు చెక్కుకొనేవారు. తరువాత తేలికైన బాల్సా కొయ్య వాడుకలోకి వచ్చినది. 1950ల చివర కాలిఫోర్నియాలో హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ అనేవారు పాలీయూరిథేన్ నురుగును అచ్చులలో పోసి దిమ్మలు తీయడం సాధించిన పిమ్మట కొయ్యకు చాలవరకు కాలం చెల్లినది. అట్టి దిమ్మకు నడుమ నిలువునా సన్నని కొయ్యబద్ద ఒకటి ఉంటుంది. దిమ్మను కోరిన ఆకారంలో చెక్కి, చుట్టూ గాజునార వస్త్రం పరచి, రెజిన్ అనే ద్రవంతో తడుపుతారు. అది గట్టిపడి పెంకు అవుతుంది. మన కోస్తా రేవులలో ఫైబరు తెప్పలను చూచినవారికి ఈ గాజునార, రెజిన్ కొత్తవి కావు. పలకకు బలం పెంకు వలన వస్తుంది. తేలిక నురుగు వలన వస్తుంది. అల మీద నడక మాత్రం ఆకారం వలన వస్తుంది.

ఆ ఆకారం మార్చవలెనన్న కోరిక ఒకప్పుడు వెల్లువగా వచ్చినది. 1966లో శాన్ డియాగోలో జరిగిన ప్రపంచ పోటీలో నెగ్గిన ఆస్ట్రేలియా యువకుడు నాట్ యంగ్ పలక తొమ్మిదడుగులకు పైబడినదే. 1967 నుండి పొట్టి పలకల మోజు మొదలైనది. 1970 నాటికి ఏడడుగుల ప్రాంతపు పలకలు సాధారణమైపోయినవి. కొత్తది కొనే స్తోమత లేని కుర్రవారు ఎందరో తమ పొడుగు పలకల పెంకు ఒలిచి, పెరటిలోనే కోసి చెక్కుకొన్నారు. అందులో కొందరు పని నేర్చుకొని పేరున్న పలక శిల్పులైనారు. కాని నాడు కోసిన పొడుగు పలకలు మళ్లీ రావు. పొడుగు పలకలకు ఆదరణ తిరిగి వచ్చేసరికి, ఆ కాలపు మంచి పనితనం చాలవరకు పొట్టుగా రాలిపోయి ఉన్నది.

ఇక దిమ్మ చెప్పే హద్దులు చూతము. అచ్చులో పోసిన నురుగు పైభాగాన గట్టిగాను, లోపలికి పోయినకొద్ది మెత్తగాను ఉంటుంది. మొదటిసారి చెక్కినప్పుడే ఆ గట్టి భాగం కొంత పోయినది. పెంకు ఒలిచేటప్పుడు దానిని అంటిపెట్టుకొని మరికొంత నురుగు పెళ్లలుగా ఊడివస్తుంది. ఆ గుంటలు సమం చేయడానికి ఇంకొంత చెక్కవలెను. మిగిలేది మెత్తని గర్భం. అది రెజిన్‌ను ఎక్కువగా పీలుస్తుంది. అందుచేత పలక చిన్నదైనా అనుకొన్నంత తేలిక కాదు. నిలబడినచోట మడమల ఒత్తిడికి త్వరగా సొట్టలు పడుతుంది.

వంపు మరొక చిక్కు. పలక ముక్కు పైకి లేచి ఉండకపోతే ఏటవాలైన అల మీద నుండి దిగేటప్పుడు అది నీటిలో గుచ్చుకొంటుంది. పొడుగు పలకలో వంపు ఆ పొడవంతటా పరచుకొని ఉంటుంది. రెండు కొసలు కోసివేస్తే బాగా లేచిన భాగమే పోయి, చదునైన నడుము మిగులుతుంది. అడుగువైపు చెక్కి ముక్కు లేపవచ్చును. కాని దానికి దళసరి ఉండవలెను. కనుక తొమ్మిదిన్నర అడుగుల పలకలో ఏడడుగుల పలక దాగి ఉన్నదని పొడవును బట్టి నిర్ణయించరాదు. వంపును, మందాన్ని కొలిచి నిర్ణయించవలెను. కోరిన పలక పటం గీసి పాత పలక మీద ఉంచినప్పుడు అన్ని వైపులా అంగుళంలో కొంత భాగమైనా మిగలకపోతే ఆ ఆశ విడువవలసినదే.

తరువాత ఆరోగ్య పరీక్ష. పలకకు చిల్లు పడి నీరు దిగినదా? అదే కొలతలు గల మరొక పలక కంటె బరువుగా తోచినా, చిల్లు వద్ద నురుగు గోధుమరంగుకు తిరిగినా నీరు పట్టినదని అర్థం. చిల్లు కిందికి వచ్చేటట్లు నీడలో నిలబెట్టి చాలా దినాలు ఆరనివ్వవలెను. తడి నురుగు మీద కొత్త పెంకు అంటదు. లేత పసుపు రంగు ఎండ వలన వచ్చినదే కావచ్చును; దానికి భయపడనక్కరలేదు. బొటనవేలితో నొక్కితే పెంకు లోపలికి పోయి మళ్లీ పైకి వస్తున్నట్లయితే అది నురుగును విడిచినదన్నమాట. నడుమ బద్ద విరిగిన పలకను తిరిగి చెక్కించడం వృథాప్రయాస.

దిమ్మ ఏ పదార్థమో కూడ రూఢి చేసుకోవలెను. పాలీయూరిథేన్‌కు పాలియెస్టర్ రెజిన్ సరిపోతుంది. పాలీస్టైరీన్, అనగా మనం థర్మోకోల్ అనే జాతి నురుగు, ఆ రెజిన్ సోకితే కరిగిపోతుంది. దానికి ఎపాక్సీ రెజిన్ వాడవలెను. ఈ ఒక్క పొరపాటుతో పలక మొత్తం పాడవుతుంది.

ఖర్చు లెక్క కొందరికి ఆశ్చర్యం కలిగించవచ్చును. కొత్త పలక ధరలో దిమ్మ వెల ఒక భాగం మాత్రమే. చెక్కడం, గాజునార పరచడం, రెజిన్, ఉప్పుకాగితంతో నునుపు చేయడం తక్కినదంతా. పాత పలకకు ఈ మజూరీ తగ్గదు. పైపెచ్చు పెంకు ఒలిచే శ్రమ, పాత రెక్కల గుంటలు పూడ్చే శ్రమ అదనం. మిగిలేది దిమ్మ ఖరీదొక్కటే. దిమ్మలే దొరకని కాలమైతే లెక్క మారుతుంది. 2005 డిసెంబరులో అమెరికాలో దిమ్మలలో అధికభాగం సరఫరా చేసే క్లార్క్ ఫోమ్ హఠాత్తుగా మూతపడినప్పుడు పాత దిమ్మకు కూడ విలువ వచ్చినది.

స్వయంగా చేసుకొనేవారికి మజూరీ కలసివస్తుంది. నేర్చుకొన్న విద్య కూడ దక్కుతుంది. చేయి తిరగనివారు కొత్త దిమ్మ పాడుచేయడం కంటె పాత దిమ్మ మీద నేర్చుకోవడమే మేలు. అయితే గాజునార ధూళి, రెజిన్ ఆవిరి ఊపిరితిత్తులకు కీడు చేస్తాయి. గాలి ఆడే చోట, తగిన ముసుగు ధరించి, పిల్లలను దూరంగా ఉంచి ఈ పని చేయవలెను. ముక్కుకు గుడ్డ కట్టుకొంటే చాలదు.

ఒలవకుండ ఉంచవలసిన పలకలు కూడ ఉన్నవి. 1914–15 నాటి ఆస్ట్రేలియా వేసవిలో హవాయి ఈతగాడు డ్యూక్ కహనమోకు సిడ్నీ సమీపాన ఫ్రెష్‌వాటర్ తీరంలో పైన్ కలపతో ఒక పలక చేసి దాని మీద అలలపై జారి చూపినాడు. ఆ పలక నేటికి అక్కడి సముద్రతీర రక్షకుల సంఘం వద్ద భద్రంగా ఉన్నది. బరువైన ఆ పలకను తేలిక చేద్దామని ఎవరైనా చిత్రిక పట్టి ఉంటే ఏమి మిగిలేది? శిల్పి సంతకం, సంఖ్య ఉన్న ప్రతి పాత పలక విషయంలోను, తెలిసినవారికి చూపించిన తరువాతనే పెంకు మీద చేయి వేయవలెను.

కనుక తీర్పు ఇది. చిల్లు మాత్రమే పడితే చిల్లు పూడ్పించండి. ఆకారం నచ్చి పెంకు మాత్రమే చెడితే, దిమ్మ పొడిగా ఉన్నదని తేలిన తరువాత పెంకు మార్పించండి. ఆకారం నచ్చకపోతే, కోరిన ఆకారం పాతదానిలో మందంతో సహా ఇముడుతున్నదా, ఆ పలక పోయినా చింత లేదా అని రెండు ప్రశ్నలు వేసుకోండి. రెండింటికీ అవునని జవాబు వస్తేనే చిత్రిక చేతబట్టండి. ఒక్కదానికి కాదని వచ్చినా, ఆ పలకను ఇష్టపడే మరొకరికి ఇచ్చి, ఆ డబ్బుకు మరికొంత చేర్చి కొత్త దిమ్మ కొనుక్కోవడం ఉత్తమం.