వ్యవసాయ సమాచార అమరికలో సందర్భం

శనగపచ్చ పురుగు ప్రత్తిని, కందిని, మిరపను కూడా ఆశిస్తుంది. అయినా ఆ పేరుతో అంతర్జాలంలో వెతికే ప్రత్తి రైతుకు ముందుగా శనగ పంట పుటలే ఎదురుకావచ్చు. పొగాకు లద్దె పురుగు వేరుశనగలోనూ, ఆముదంలోనూ తీవ్ర నష్టం కలిగిస్తుంది. పేరులో ఉన్నది పొగాకు మాత్రమే. కీటక శాస్త్రవేత్తకు ఇందులో చిక్కేమీ లేదు. వెతికే యంత్రానికి పదం తెలుసు గాని పొలం తెలియదు.

ముద్రిత కరదీపికలో సందర్భం శీర్షికల ద్వారా పాఠకునికి అందుతుంది. పంట, దశ, నేల, కాలం తెలిసిన తరువాతే అతడు మోతాదు వద్దకు చేరుకుంటాడు. అదే కరదీపికను ముక్కలుగా చేసి తెరపై ఉంచినప్పుడు రైతు నేరుగా మోతాదు ఉన్న వాక్యంపైనే దిగుతాడు. వరి నారుమడిలో నారు తీయడానికి వారం ముందు సెంటుకు 160 గ్రాముల కార్బోఫ్యురాన్ 3జి గుళికలు వేయాలన్నది చిరకాలంగా ఉన్న సిఫారసు. ప్రధాన పొలంలో ఇది ఎకరాకు 10 కిలోలు. "నారుమడి" అన్న మాట జారిపోతే మొదటి లెక్కన ఎకరాకు 16 కిలోలు పడతాయి. కనుక పంట, దశ, విస్తీర్ణపు కొలమానం శీర్షికలో మాత్రమే గాక మోతాదు ఉన్న వాక్యంలోనే ఉండాలి.

కాలం కూడా సందర్భమే. ఎండోసల్ఫాన్ ఉత్పత్తిని, అమ్మకాన్ని, వాడకాన్ని సుప్రీంకోర్టు 2011 మే 13న నిలిపివేసింది. అంతకు ముందు వెలువడిన సిఫారసుల్లో ఆ మందు తరచుగా కనిపిస్తుంది. తేదీ లేని పుటలో అది నేటి సలహాగానే చెలామణి అవుతుంది. అటువంటి పుటలను తొలగించడం కంటే "ఉపసంహరించిన సిఫారసు" అని పైనే గుర్తించడం మేలు. పరిశోధకునికి పాత సమాచారం అవసరమే.

పర్యాయపదాల సమస్యకు ఆహార వ్యవసాయ సంస్థ నిర్వహించే అగ్రోవాక్ పదకోశం ఒక మార్గం చూపింది. అందులో ప్రతి భావనకు ఒక గుర్తింపు ఉంటుంది. వివిధ భాషల పేర్లు దానికి అనుబంధమవుతాయి. తెలుగు కూడా ఆ భాషలలో ఒకటి. అయితే ప్రాంతీయ పదాలను జోడించేటప్పుడు జాగ్రత్త అవసరం. రబీ, యాసంగి, దాళ్వా ఒకటేనని విద్యార్థులు తరచు భావిస్తారు. రబీకి తెలంగాణలో యాసంగి అన్నది వాడుక పేరు. దాళ్వా మాత్రం డెల్టాలో కాలువ నీటితో పండే రెండవ వరి పంట. ఈ మూడింటినీ ఒకే గుర్తింపు కింద చేర్చితే, రబీ శనగ కోసం వెతికినవారికి దాళ్వా వరి పుటలు వస్తాయి.