ఆమెను అమ్మినవారి పేర్లు ఎవరికి తెలుసు?

వరంగల్ మండీబజార్ ప్రాంతంలోని ఒక ఇంట్లో దావత్. భోజనాలు ముగిశాక మగవారి దస్తర్‌ఖాన్ దగ్గర మాట పాత సినిమాల మీదికి మళ్లింది. ఎవరో సిల్క్ స్మిత పేరెత్తారు. నవ్వులు వినిపించాయి. "అటువంటి ఆడవాళ్లకు అటువంటి చావే రాసిపెట్టి ఉంటుంది" అని ఇంటి మేనమామ తీర్పు చెప్పారు. అందరూ తలూపారు. పరదాకు ఇవతల, ఆ ఇంటి పదిహేడేళ్ల అమ్మాయి ఎంగిలి పళ్లాలు తీస్తూ ఆ మాట విన్నది.

ఆ క్షణానికి ఆమె ఫోనులో ఒక బెదిరింపు సందేశం ఉంది. బట్టల దుకాణాల ప్రకటనలకు అమ్మాయిలను ఎంపిక చేస్తానంటూ ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైన వ్యక్తి మొదట మామూలు ఫొటోలు అడిగాడు. తరువాత ఓఢ్నీ లేకుండా అడిగాడు. ఆ తరువాత అడిగినవి ఇక్కడ వ్రాయదగినవి కావు. ఇప్పుడు అవన్నీ బంధువులకు పంపుతానంటున్నాడు. ఆమె ఎవరికీ చెప్పలేదు. రెండు నెలలపాటు చెప్పలేదు. ఈ సంగతి మాకు చెప్పినది ఆమె తల్లి. కుటుంబం ఆనవాలు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాము.

"అమ్మీతో ఎందుకు చెప్పలేదు బేటీ?" అని తల్లి అడిగితే ఆ పిల్ల అన్న మాట ఒక్కటే: "ఆ రోజు మామూ ఏమన్నారో విన్నాను."

అందుకే ఈ నెల సిల్క్ స్మిత గురించి వ్రాస్తున్నాము. ఒక ఇస్లామీయ కుటుంబ పత్రికలో ఈ పేరేమిటని కొందరు పాఠకులు నొచ్చుకోవచ్చు. పూర్తిగా చదివిన తరువాత నొచ్చుకోవలసిందిగా మనవి.

ఏలూరు దగ్గరి కొవ్వలి గ్రామంలో 1960 డిసెంబరు 2న ఒక పేద ఇంట విజయలక్ష్మి అనే ఆడపిల్ల పుట్టింది. ప్రాథమిక పాఠశాల దాటకుండానే చదువు ఆగింది. ఊహ తెలిసీ తెలియని వయసులో పెళ్లి చేశారు. ఆ కాపురం భరించలేక ఆమె మద్రాసు చేరుకుంది. తెలుగు సినిమా అప్పుడు మద్రాసులోనే ఉండేది. కోస్తా నుంచీ, మన కాజీపేట మీదుగా తెలంగాణ నుంచీ ఎందరు పిల్లలు ఆశల మూటతో ఆ రైళ్లెక్కారో లెక్క వ్రాసినవారు లేరు. తారల ముఖాలకు రంగు సరిదిద్దే పనితో ఆమె జీవితం మొదలైంది. 'వండిచక్కరం' అనే తమిళ చిత్రంలో 'సిల్క్' అనే పాత్ర వేసింది. ఆ పాత్ర పేరే ఆమె మెడకు చుట్టుకుంది. విజయలక్ష్మి అక్కడితో మాయమైంది.

ఆ తరువాత దాదాపు 450 చిత్రాలు. ఆగిపోయిన సినిమాకు ఆమె పాట ఒకటి అతికిస్తే అమ్ముడుపోతుందని పంపిణీదారులు బాహాటంగా చెప్పుకొన్న రోజులవి. నటిగా గుర్తింపు తెచ్చే పాత్రలూ వచ్చాయి. బాలు మహేంద్ర 1982లో తీసిన 'మూండ్రాం పిరై' అందుకు ఉదాహరణ. కాని మార్కెట్టు ఆమె దగ్గర కోరినది నటనను కాదు. 1996 సెప్టెంబరు 23న మద్రాసులోని తన ఇంట్లో ఆమె విగతజీవిగా కనిపించింది. అది ఆత్మహత్యేనని పోలీసులు అన్నారు. వయసు ముప్పయి అయిదు.

ఆమె మరణించిన పదిహేనేళ్లకు, సరిగ్గా ఆమె పుట్టిన రోజున, 2011 డిసెంబరు 2న, 'ది డర్టీ పిక్చర్' అనే హిందీ చిత్రం విడుదలయింది. దర్శకుడు మిలన్ లూథ్రియా. ప్రధాన పాత్ర పోషించిన విద్యాబాలన్‌కు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. ఇది సిల్క్ స్మిత జీవితకథ కాదని నిర్మాతలు అన్నారు. కథానాయిక పేరు సిల్క్, విడుదల ఆమె జన్మదినం, అయినా ఆమె కథ కాదట! కథ ఆమెది అంటే అనుమతి అడగాలి, రక్తసంబంధీకులకు జవాబు చెప్పాలి. వంద కోట్లకు పైగా వచ్చిన వసూళ్లు మాత్రం ఆ పేరు మీదనే వచ్చాయి.

సినిమా ఆమె మీద జాలి చూపదా? చూపుతుంది. వాడుకొని వదిలేసిన అగ్రనటుడినీ, లోకం రెండు నాల్కల ధోరణినీ తిడుతుంది. కాని గోడలమీది పోస్టర్లలో కనిపించినది ఆ జాలి కాదు, ఆమె దేహమే. 2012 ఏప్రిల్‌లో ఈ చిత్రాన్ని టీవీలో పగటివేళ ప్రసారం చేయబోగా సమాచార ప్రసార శాఖ ఆపించి, రాత్రి పదకొండు తరువాత వేసుకొమ్మంది. పగలు తగనిది రాత్రికి ఎలా తగినదయిందో ఆ శాఖవారికే తెలియాలి. 2020 డిసెంబరులో షకీలా జీవితంపై ఆ పేరుతోనే మరో చిత్రం వచ్చింది. షకీలా తొలిచిత్రం 'ప్లే గర్ల్స్'లో సిల్క్ స్మిత కూడా నటించడం కాకతాళీయమేమీ కాదు. ఒకరి వయసు మళ్లేసరికి మరొకరిని సిద్ధం చేసుకోవడం ఆ వ్యాపారం పద్ధతి. ముస్లిం కుటుంబంలో పుట్టిన షకీలా తన ఆత్మకథను తానే చెప్పుకొన్నారు, ఆ అవకాశం విజయలక్ష్మికి దక్కలేదు.

చెప్పుకున్నా లోకం నమ్ముతుందా? ఇందుకు అమెరికాలో జరిగిన ఒక ఉదంతం చూడాలి. లిండా బోర్మన్ అనే యువతి 1972లో 'లిండా లవ్‌లేస్' అనే పేరుతో ఒక అశ్లీల చిత్రంలో కనిపించింది. ఆ చిత్రం కోట్లు గడించింది. ఆమెకు ముట్టవలసిన 1,250 డాలర్లు కూడా భర్తే తీసుకున్నాడని ఆమె తరువాత చెప్పింది. కొట్టి, తుపాకీ చూపి, భర్త తనచేత ఇదంతా చేయించాడని 1980లో పుస్తకం వ్రాసింది. ప్రచురణకర్తలు ఆమెను పాలిగ్రాఫ్ యంత్రం ముందు కూర్చోబెట్టి, ఆ పరీక్ష తరువాతే అచ్చు వేశారు. ఎందుకంటే తెరమీద ఆమె నవ్వుతోంది కదా! 1986లో అమెరికా ప్రభుత్వ విచారణ సంఘం ముందు కూడా ఆమె సాక్ష్యం చెప్పింది. 2002లో కారు ప్రమాదంలో గాయపడి మరణించింది. 2013లో వచ్చిన 'లవ్‌లేస్' అనే చిత్రం ఆమె కథను రెండుసార్లు చెబుతుంది. మొదటిసారి పేరు, వెలుగులు, చప్పట్లు. రెండోసారి అవే రోజులు, మూసిన తలుపుల వెనుక నుంచి. ఆ చిత్రాన్ని చూడమని మేము చెప్పడం లేదు. ఆ నవ్వు వెనుక ఏముందో గుర్తించడానికి సినిమా అక్కరలేదు.

దివ్య ఖుర్ఆన్ ఈ విషయాన్ని పద్నాలుగు వందల ఏళ్ల క్రితమే తేల్చింది. మదీనాలో అబ్దుల్లా బిన్ ఉబై అనే నాయకుడు ఉండేవాడు. ధనవంతుడు, పలుకుబడి గలవాడు, కపటులకు పెద్ద. తన బానిస స్త్రీలచేత వ్యభిచారం చేయించి సంపాదించేవాడు. వారిలో ముసైకా, ఉమైమా అనే ఇద్దరు దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి ఫిర్యాదు చేశారని హజ్రత్ జాబిర్ (రజి) కథనం 'సహీహ్ ముస్లిం'లో ఉంది. అప్పుడు అన్నూర్ సూరా 33వ ఆయత్ అవతరించింది. ప్రాపంచిక లాభం కోసం స్త్రీలను బలవంతపెట్టరాదనీ, అలా బలవంతానికి గురైనవారి పట్ల అల్లాహ్ క్షమాశీలి, కరుణామయుడనీ దాని భావం.

ఇక్కడ మన పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. ఆ ఇద్దరు స్త్రీలు ఫిర్యాదు చేయడానికి రాగలిగారు. 'నీవెటువంటిదానివో మాకు తెలుసు' అని వారిని ఎవరూ వెనక్కి పంపలేదు. వారి ఫిర్యాదుకు సమాధానంగా ఆకాశం నుంచి వాక్యం దిగింది. అదే సూరాలో చూపులు వాల్చుకొమ్మనే ఆదేశం మొదట పురుషులకు, ఆ తరువాతి ఆయత్‌లో స్త్రీలకు వస్తుంది. మన ప్రసంగాలలో ఈ వరుస తలకిందులవడం ఎన్నిసార్లు విన్నామో!

తిరిగి మండీబజార్ ఇంటికి వద్దాం. తల్లికి తెలిసిన మొదటి గంటలో ఆమెకు తోచినది అమ్మాయి ఫోను పగులగొట్టి, కాలేజీ మాన్పించడం. ఫోను పగిలితే సాక్ష్యం పోతుంది. కాలేజీ మాన్పిస్తే శిక్ష పడేది పిల్లకు, నేరం చేసినవాడికి కాదు. సందేశాలను తుడిచివేయకుండా ఉంచాలి. అడిగిన డబ్బు ఇవ్వరాదు, ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతాడు. 1930 నంబరుకు గాని, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో గాని ఫిర్యాదు చేయవచ్చు. మహిళల సహాయానికి 181, పిల్లల సహాయానికి 1098 ఉన్నాయి. పద్దెనిమిదేళ్లలోపు వారి విషయంలో 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది, బాధితురాలి పేరు బయటపెట్టడం ఆ చట్టం కింద నేరం. ఫొటోలు వ్యాపించకుండా ఆపేందుకు మైనర్లకు 'టేక్ ఇట్ డౌన్', పెద్దలకు 'స్టాప్ ఎన్‌సీఐఐ' అనే ఉచిత సేవలున్నాయి. ఫొటోను ఎవరికీ పంపనక్కరలేదు. మన ఫోనులోనే దానికి ఒక సంకేత సంఖ్య తయారవుతుంది, ఆ సేవలో చేరిన సామాజిక మాధ్యమాలు ఆ సంకేతంతో పోల్చి ఫొటోను అడ్డుకుంటాయి.

ఇవన్నీ పనికివచ్చేది పిల్ల నోరు విప్పిన తరువాతే. ఆ నోరు విప్పించేదీ మూయించేదీ ఇంట్లో మనం మాట్లాడే మాట. టీవీలో కనిపించే ఒక స్త్రీని మనం ఏమంటామో మన పిల్లలు విని, తమకు కూడా అదే తీర్పు అని జమ కట్టుకుంటారు.

ఆ అమ్మాయి కాలేజీకి వెళుతోంది. ఫిర్యాదు నమోదయింది. ఠాణాకు తల్లితోపాటు ప్రతిసారీ తోడు వెళుతున్నది ఆ మేనమామే. మేనకోడలి కోసం రెండు రోజులు దుకాణం కూడా మూశారు. దావత్‌లో తాను అన్న మాట సంగతి ఆయనకు ఇంతవరకు తెలియదు. "మీరే చెప్పండి ఆపా" అని ఆ తల్లి మమ్మల్ని కోరింది. ఈ సంచిక ఆయన ఇంటికీ వెళుతుంది.