వుజూ తర్వాత కాలివేళ్ళ సంగతి

కృష్ణానగర్‌లోనూ ఫిల్మ్‌నగర్ బస్తీలలోనూ మన సొసైటీ వైద్య శిబిరం పెట్టినప్పుడు ఒక సంగతి గమనించాం. బీపీ, షుగర్ చూపించుకోవడానికి వచ్చినవారు లేచి వెళ్ళబోతూ, కాస్త సిగ్గుపడుతూ చెప్పు విడిచి కాలు చూపిస్తారు. చిటికెనవేలికీ దాని పక్క వేలికీ మధ్య చర్మం తెల్లగా నాని, పొరలు లేచి, చీలి ఉంటుంది. ఇది ఫంగస్ వల్ల వచ్చే జబ్బు. ఒంటిమీద తామర తెచ్చేది కూడా ఈ జాతి ఫంగసే. గాలాడని చోట చెమట, తడి ఉంటే చాలు, పెరిగిపోతుంది.

సినిమా పనివారికి ఆ రెండింటికీ కొదవ లేదు. లైట్‌మన్ పొద్దున వేసుకున్న బూట్లు కాల్షీట్ ముగిసేదాకా విప్పడు. వాన పాట తీస్తే డాన్సర్ల కాళ్ళు గంటల తరబడి నీళ్ళలోనే. కాస్ట్యూమ్ బూట్లు నిన్న ఒకరు వేసుకున్నవి ఈరోజు మరొకరికి ఇస్తారు.

రోజుకు ఐదుసార్లు కాళ్ళు కడగడం వల్లే ఇది వస్తోందా అని కొందరు అడుగుతారు. కాదు. కడగడం మేలే చేస్తుంది, తడి ఆరకముందే సాక్సు తొడగడమే చేటు. వేళ్ళ మధ్య ఖిలాల్ చేయడం సున్నత్ అని మనకు తెలుసు. అదే శ్రద్ధతో ఆ సందులను పొడిగుడ్డతో అద్దుకోవాలి. వుజూ నీళ్ళు తుడుచుకోవడాన్ని ఎక్కువమంది ఫిఖ్హ్ పండితులు తప్పుపట్టలేదు. కాళ్ళ తువ్వాలు వేరుగా ఉండాలి. జబ్బు ఉన్నవారు లోదుస్తుల కంటే ముందు సాక్సు తొడుక్కుంటే ఫంగస్ గజ్జలకు పాకదు.

చికిత్స కష్టమైనది కాదు. క్లోట్రిమజోల్ క్రీమ్ రోజుకు రెండుసార్లు, సాధారణంగా 2 నుంచి 4 వారాలు రాయాలి. దురద తగ్గగానే మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. గోళ్ళకు పట్టితే పూత చాలదు, డాక్టర్ సలహాతో నెలల తరబడి మాత్రలు వాడాల్సి రావచ్చు.

అసలు ప్రమాదం మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీములతో. రెండు రోజుల్లో దురద పోతుంది, లోపల ఫంగస్ మాత్రం విస్తరిస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అమ్ముతూనే ఉన్నారు. మామూలు మందులకు లొంగని తామర మన దేశంలో ఇప్పుడు పెద్ద సమస్య అయింది.

షుగర్ ఉన్నవారి విషయం వేరు. కాలిలో స్పర్శ తగ్గి చీలిక నొప్పి పుట్టదు. అందులోంచి బాక్టీరియా లోపలికి పోతే కాలు ఎర్రగా వాచి జ్వరం వస్తుంది. ఆ దశలో ఆలస్యం చేస్తే కాలు తీసేయాల్సిన పరిస్థితి కూడా రావచ్చు. రోజుకూలీ మీద బతికే ఇంట్లో అలా జరిగితే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు.

దాతలకు ఒక మనవి. వుజూఖానాకు పాలరాయి ఇచ్చేవారు చాలామందే ఉన్నారు. నీరు నిలవకుండా వాలు, గుమ్మం దగ్గర ఎప్పుడూ తడిసి ఉండే గుడ్డపట్టా బదులు కడిగి ఆరబెట్టగల రబ్బరు పట్టా, ఇవి ఇచ్చేవారు తక్కువ. మందుల కోసం ఇచ్చే సదఖాలో రోగికి ఒక్క ట్యూబుతో సరిపెట్టకుండా పూర్తి వారాలకు సరిపడా ఇవ్వండి. షుగర్ రోగులకైతే కాలివేళ్ళు విడదీసి చూసే డాక్టరుకయ్యే ఖర్చు కూడా కలపండి.