వనభోజనాల పొయ్యి ఎప్పుడు ఆరుతుంది?

కార్తీకమాసం వచ్చిందంటే నంద్యాల చుట్టుపక్కల బడిపిల్లలకు మహానంది గుర్తుకొస్తుంది. ఊరు నల్లమల కొండల అంచునే ఉంది. అక్కడి కోనేటి నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే, అడుగున పడ్డ నాణెం కూడా కనిపిస్తుంది. ఆ నీళ్లే బయటికి పారి అరటితోటల్ని పెంచుతాయి. స్నానాలూ దర్శనమూ అయ్యాక మూడు రాళ్లు పెట్టి పొంగలో, చిత్రాన్నమో వండుకుని చెట్టు నీడన తినడం మనవాళ్లకు ఎప్పటినుంచో అలవాటు.

తిన్నాక పెద్దవాళ్లలో ఎవరో ఒకరు పొయ్యిలో ఇంత మట్టి పోసి, "ఆరిపోయిందిలే, పదండి" అంటారు. నిజంగా ఆరిందా?

అగ్గిపుల్లను కూడా పొదుపుగా వాడుకున్న రోజుల్లో రాత్రిపూట పొయ్యిని ఏం చేసేవాళ్లో మీ అవ్వనడగండి. వంటయ్యాక ఎర్రటి నిప్పుల మీద బూడిద కప్పి పడుకునేవాళ్లు. తెల్లవారి బూడిద తప్పించి, నాలుగు పుల్లలు పెట్టి, గొట్టంతో ఊదితే మంట లేచేది. 'నివురుగప్పిన నిప్పు' అని వింటుంటాం కదా, అది ఇదే. నివురంటే బూడిద. బూడిద అధమ ఉష్ణవాహకం. లోపలి వేడిని బయటికి పోనివ్వదు. దాని సందుల్లోంచి కొద్దికొద్దిగా దూరే గాలితో బొగ్గు నెమ్మదిగా రాత్రంతా కాలుతూనే ఉంటుంది.

పొయ్యిమీద పోసిన మట్టీ, ఇసుకా చేసే పని కూడా అదే. మనం నిప్పును ఆర్పలేదు, దాచాం! పైకి పొగ ఉండదు, ఎరుపు ఉండదు. గుడి దగ్గర అందరూ చెప్పులు లేకుండా తిరుగుతుంటారు. ఆ ఇసుకమీద ఏ చంటిపిల్లవాడో కాలు వేస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఇసుక కప్పిన పొయ్యి గంటల తరబడి వేడిగానే ఉంటుంది.

నిప్పు ఉండాలంటే కట్టె, గాలి, వేడి మూడూ కావాలని తరగతిలో చదువుకున్నారు. మట్టి గాలిని తగ్గిస్తుందే గాని వేడిని తీసివేయదు. వేడిని తీసుకుపోయేది నీరు. 25 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గరున్న 1 గ్రాము నీరు మరగడం మొదలుపెట్టడానికి 75 కేలరీలు చాలు. అదే ఆవిరిగా మారడానికి మరో 540 కేలరీలు కావాలి. దీన్నే బాష్పీభవన గుప్తోష్ణం అంటారు. అంటే నిప్పులోని వేడిని ఎక్కువగా లాగేది, 'చుయ్' మంటూ ఆవిరైపోయే నీరే. అందుకని చెంబెడు నీళ్లు ఒక్కసారిగా గుమ్మరించడం కన్నా కొంచెం చల్లి, కర్రతో కెలికి, మళ్లీ చల్లడం మేలు. పొయ్యి మీదికి వంగవద్దు, ఆవిరి మొహానికి కొడుతుంది. చప్పుడు ఆగాక మీ వెంట వచ్చిన పెద్దవాళ్లను అరచేతి వెనకభాగం బూడిదకు దగ్గరగా పెట్టి చూడమనండి. వెచ్చదనం తగలకపోతే అప్పుడు ఆరినట్టు.

కార్తీకంలో వానల తడి ఇంకా ఉంటుంది కాబట్టి ప్రమాదం కాస్త తక్కువ. శివరాత్రి నాటికి సంగతి వేరు. నల్లమల ఆకురాల్చే అడవి. టేకు ఆకులు విస్తరంత ఉంటాయి. ఎండి ముడుచుకుని, కింద గాలి ఆడేట్టు వదులుగా పడి ఉంటాయి. మొద్దు అంటుకోవడానికి ఎంతోసేపు పడుతుంది, ఎండుటాకుకు ఒక్క మిణుగురు చాలు. పలచనిది త్వరగా వేడెక్కుతుంది, చుట్టూ గాలి తగులుతుంది, అంతే తేడా. ఉగాదికి కర్ణాటక నుంచి వేలమంది ఈ అడవిగుండా శ్రీశైలానికి నడిచి వెళ్లేది కూడా ఈ ఎండు రోజుల్లోనే.

కొండవాలు మరీ ప్రమాదం. మంట ఎగువకు వంగి, పైనున్న గడ్డిని ముందే వేడిచేస్తుంది. వాలు 10 డిగ్రీలు పెరిగితే మంట వేగం దాదాపు రెట్టింపవుతుందని లెక్క. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో ఎండుగడ్డి అంటుకుని, కొండెక్కి దిగివస్తున్న 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మనిషి కొండమీదికి పరుగెత్తి మంటను దాటలేడు. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడాన్ని 1967 నాటి అటవీ చట్టం నేరమన్నది ఊరికే కాదు.

వండుకోవడానికి వేరుగా చోటు ఉంటే అక్కడే వండండి. ఆకులన్నీ ఊడ్చి, నేల కనబడేట్టు చుట్టూ పదడుగులు శుభ్రం చేయండి. ఉసిరిచెట్టు కింద కూర్చుని తినమన్నారు గాని, దాని మొదట్లో పొయ్యి పెట్టమని ఎవరూ చెప్పలేదు!

పొయ్యికి రాళ్లు తెచ్చే పని ఎప్పుడూ పిల్లలదే. వాగులో నున్నటి రాయి కనబడగానే ఎత్తుకొస్తారు. దాని సందుల్లో నీరు ఇంకి ఉంటుంది. నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు వ్యాపిస్తుంది. బయటికి దారి లేకపోతే రాయి ఫట్‌మని పగిలి పెచ్చులు కళ్లలోకి ఎగురుతాయి. మన కర్నూలు, కడప జిల్లాల్లో దొరికే పొరలు పొరలుగా ఉన్న పలకరాళ్లూ పనికిరావు. ఎత్తైన గట్టుమీద ఎండిన గట్టిరాయిని వెతకండి.

కాలితే? ఇంకు, పేస్టు, పసుపు, ఏదీ పూయొద్దు. మామూలు చల్లటి నీటి ధార కింద 20 నిమిషాలు పెట్టి, డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాలి. బట్టలు అంటుకుంటే పరుగెత్తకూడదు, గాలి తగిలి మంట పెరుగుతుంది. నేలమీద పడుకుని దొర్లాలి. నైలాను బట్టలు కరిగి చర్మానికి అతుక్కుంటాయి. వంట దగ్గర మసలేవాళ్లు ఆ పూటకు నూలుబట్టలు వేసుకుని, పైటలూ ఓణీలూ నడుముకు దోపుకోవాలి.