వెంటనే పనిచేసే మాత్రే మంచిదా?

సోమవారం స్టాండప్ కాల్ అంటే చాలు, గుండె దడదడ. ఓ రోజు రూమ్మేట్ తన అల్ప్రాజోలం మాత్ర ఇచ్చాడు. కాసేపట్లో అంతా కూల్! తర్వాత రోజూ అడిగి వేసుకున్నా. కొన్ని వారాలకే అది లేనిదే నిద్ర పట్టని పరిస్థితి.

అప్పుడు సైకియాట్రిస్ట్ దగ్గరికెళ్లా. ఆమె తేడా చెప్పారు. అల్ప్రాజోలం, క్లోనాజెపామ్ త్వరగా పనిచేస్తాయి. కానీ మగతగా ఉంటుంది, అలవాటైపోతాయి. అందుకే కొద్దిరోజులకే రాస్తారు. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్‌ల ప్రభావం కనిపించడానికి 2 నుంచి 6 వారాలు పడుతుంది. మొదట్లో వికారం, కంగారు ఉండొచ్చు. అయినా ఎక్కువకాలం వాడాలంటే ఇవే నయం. ప్రొప్రనలాల్ వణుకు, దడ తగ్గిస్తుందంతే, ఆస్తమా ఉన్నవాళ్లు వాడకూడదు.

నాకు ఎస్సిటాలోప్రామ్ రాసి, పాతది మెల్లగా తగ్గించారు. మొదటి వారం కడుపులో తిప్పేసింది. ‘మానేస్తా మేడమ్’ అన్నా. ‘నెల రోజులు ఓపిక పట్టండి’ అన్నారు. ఐదో వారం.. కాల్ అయిపోయాక గుర్తొచ్చింది, ఇవాళ దడ రాలేదని!

ఫ్రెండ్ మాత్ర మీరు వేసుకోవద్దు. వాడుతున్నది సొంతంగా ఆపొద్దు. డాక్టర్ దగ్గరికెళ్లడానికి మొహమాటమా? ముందు టెలీ మానస్ 14416కి కాల్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.