స్లో అంటే... ఏది స్లో?

పాత పీఎస్4 నత్తనడక నడుస్తోందా? అమ్మేసే ముందు ఓ ఆదివారం దానికి కేటాయించండి. మెషీన్ బాగుపడొచ్చు. దాంతోపాటు ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఓ మంచి జవాబూ దొరకొచ్చు!

బీటెక్ ఫైనలియర్‌లో నా తొలి ఇంటర్వ్యూ. ‘అప్లికేషన్ స్లో అయిందని కస్టమర్ ఫోన్ చేశాడు. ఏం చేస్తావ్?’ అని అడిగారు. ‘రీస్టార్ట్ చేయమంటాను సర్. తగ్గకపోతే ర్యామ్ పెంచమంటాను’ అన్నాను. ‘సమస్య ర్యామ్‌దేనని నీకెలా తెలుసు?’ అన్నారాయన. నోరు పెగల్లేదు. తర్వాతి రౌండ్‌కి పిలుపూ రాలేదు.

ఆ ప్రశ్నకు జవాబు నాకు పుస్తకాల్లో దొరకలేదు. టీవీ కింద దుమ్ము కొట్టుకుపోయిన ప్లేస్టేషన్ 4 దగ్గర దొరికింది. తమ్ముడూ నేనూ డబ్బులు కూడబెట్టి సెకండ్ హ్యాండ్‌లో కొన్న మెషీన్ అది. మెనూ తెరుచుకోవడానికే గగనమైపోయేది. ‘ఎవరికైనా అమ్మేయండ్రా’ అనేవారు నాన్న. నేనేమో హీరోలా రంగంలోకి దిగి, ముందూ వెనకా చూడకుండా ‘ఇనిషియలైజ్’ కొట్టేశాను. అంటే లోపలున్నదంతా చెరిపేశాను. తమ్ముడు రెండేళ్లు ఆడి దాచుకున్న గేమ్ సేవ్‌లన్నీ పోయాయి. వారం రోజులు వాడు నాతో మాట్లాడలేదు. పోనీ, మెషీన్ బాగుపడిందా అంటే అదీ లేదు. పది రోజులకు మళ్లీ అదే తంతు!

ముందు జబ్బు పేరు తెలియాలి

‘స్లో’ అనేది ఒక జబ్బు కాదు, లక్షణం. పీఎస్4లో అది ప్రధానంగా నాలుగు రకాలు. మెనూలు ఆలస్యంగా తెరుచుకోవడం ఒకటి. గేమ్ లోడింగ్‌కు చాలాసేపు పట్టడం రెండోది. ఆట మధ్యలో బొమ్మ ఆగి ఆగి కదలడం మూడోది. డౌన్‌లోడ్, ఆన్‌లైన్ ఆట నెమ్మదించడం నాలుగోది. మొదటి రెండింటికీ హార్డ్‌డిస్క్‌ని అనుమానించాలి. మూడోదానికి ప్రాసెసర్, గ్రాఫిక్స్ సామర్థ్యాన్ని చూడాలి. నాలుగోదైతే చాలావరకు నెట్‌వర్క్ గొడవే.

అందుకే ఫోన్‌లో స్టాప్‌వాచ్ తెరవండి. ఒకే గేమ్, ఒకే సేవ్... మూడుసార్లు లోడ్ చేసి సమయం రాసుకోండి. బాగుపడిందో లేదో తేల్చేది ఆ అంకెలే.

ఖర్చు లేనివి ముందు

మొదట సేవ్‌లను యూఎస్‌బీ డ్రైవ్‌లోకి కాపీ చేయండి. ఇది దాటేసి ముందుకెళ్లొద్దు, నా తమ్ముడిని అడగండి చెబుతాడు! ఆ తర్వాత ఆడని గేమ్‌లు తీసేయండి. పెద్ద అప్‌డేట్లు వచ్చినప్పుడు పీఎస్4 గేమ్ ఫైళ్లను మళ్లీ కాపీ చేసుకుంటుంది కాబట్టి ఖాళీ జాగా బాగా కావాలి.

తర్వాత సేఫ్ మోడ్. మెషీన్‌ను పూర్తిగా ఆపి, పవర్ బటన్‌ను రెండో బీప్ వినపడేదాకా, అంటే దాదాపు 7 సెకన్లు నొక్కి ఉంచండి. కంట్రోలర్‌ను కేబుల్‌తోనే కలపాలి. వచ్చే జాబితాలో 5వది ‘రీబిల్డ్ డేటాబేస్’. ఇది డిస్క్‌ని గాలించి, ఏది ఎక్కడుందో కొత్త పట్టిక రాసుకుంటుంది. గేమ్‌లు, సేవ్‌లు చెరపదు. కానీ గంటలు పట్టొచ్చు, మధ్యలో కరెంటు పోకుండా చూసుకోండి. దాని కింద ఉన్నవి ఇనిషియలైజ్ ఆప్షన్లు. వేలు అటు జారిందా, అంతే సంగతులు!

డౌన్‌లోడ్ సమస్యైతే రూటర్ నుంచి లాన్ కేబుల్ పెట్టి చూడండి. తొలి మోడల్ పీఎస్4 వైఫైకి 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఒక్కటే తెలుసు. అపార్ట్‌మెంట్లలో చుట్టుపక్కల రూటర్లన్నీ దాని మీదే పోటీ పడుతుంటాయి.

డిస్క్ సంగతి తేల్చండి

పీఎస్4 విదేశాల్లో 2013 నవంబరులో, మన దగ్గర 2014 జనవరిలో వచ్చింది. అందులో ఉండేది నిమిషానికి 5,400 సార్లు తిరిగే ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్. ఒక చుట్టుకే 11 మిల్లీసెకన్లు పడుతుంది. వేల చిన్న ఫైళ్లు వెతకాలంటే ఆ ఆలస్యమంతా కుప్పపడుతుంది. డిస్క్ అరిగిపోతుంటే ఒకే భాగాన్ని మళ్లీ మళ్లీ చదవాల్సి వచ్చి ఇంకా నెమ్మదిస్తుంది.

మా డిస్క్‌ని బయటికి తీసి, అడాప్టర్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టి, ‘క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చూశాను. పాడైన సెక్టార్ల హెచ్చరిక కనిపించింది. అసలు దొంగ దొరికింది! ఇలా చూసేటప్పుడు విండోస్ ‘ఫార్మాట్ చేయాలా?’ అంటే మాత్రం వద్దనండి.

ఈ డిస్క్‌ని యజమానే మార్చుకునేలా సోనీ వీలు కల్పించింది. 2.5 అంగుళాల, 9.5 మిల్లీమీటర్లకు మించని మందం ఉన్న సాటా ఎస్‌ఎస్‌డీ సరిపోతుంది. సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌ను సోనీ సైట్ నుంచి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకోవాలి. మామూలు అప్‌డేట్ ఫైల్ కాకుండా, రీఇన్‌స్టాల్ కోసం ఇచ్చే పెద్ద ఫైల్ కావాలి. మా మెషీన్‌లో 1 నిమిషం 50 సెకన్లు పట్టే లోడింగ్ 50 సెకన్లకు దిగింది.

బాగుపడనిది కూడా రాసుకోండి

భారీ పోరాట సన్నివేశాల్లో బొమ్మ ఆగి ఆగి కదలడం మాత్రం ఎస్‌ఎస్‌డీతో పోలేదు. పోదు కూడా. ప్రాసెసర్ పాతదే కదా! ఒక్కోసారి తప్పు గేమ్‌దే కావచ్చు. 2020 డిసెంబరులో ‘సైబర్‌పంక్ 2077’ పీఎస్4లో ఎంత అధ్వానంగా నడిచిందంటే, సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసి, మళ్లీ 2021 జూన్‌లోగానీ పెట్టలేదు. అలాంటప్పుడు ఇంట్లో ఎన్ని స్క్రూలు తిప్పినా లాభం లేదు. అలాగే ఫ్యాన్ హోరుకు కారణం ఎక్కువగా దుమ్ము, వేడి. శుభ్రం చేస్తే మెషీన్ వేడెక్కి ఆగిపోకుండా కాపాడుకోవచ్చు. గేమ్ వేగం మాత్రం పెరుగుతుందని ఆశపడొద్దు.

కొన్ని నెలల తర్వాత మరో ఇంటర్వ్యూ, దాదాపు అదే ప్రశ్న. ఈసారి ‘స్లో అంటే ఏది స్లోనో ముందు అడుగుతాను సర్’ అని మొదలుపెట్టి పీఎస్4 కథంతా చెప్పాను. బ్యాకప్ తీయకుండా చెరిపేసిన సంగతి దాచలేదు. ఎస్‌ఎస్‌డీతో ఏది బాగుపడలేదో కూడా చెప్పాను. అక్కడే ఆయన రెజ్యూమె మీంచి తలెత్తి, వరసగా ప్రశ్నలు వేయడం మొదలుపెట్టారు. ఆ సపోర్ట్ ఇంజినీర్ ఉద్యోగం నాకొచ్చింది.

మీ ఇంట్లో పీఎస్4 లేకపోతే పాత ల్యాప్‌టాప్ అయినా, నాన్నగారి ఫోన్ అయినా ఫర్వాలేదు. లక్షణం ఏంటి, కొలత ఎంత, మార్చింది ఏంటి, ఆ తర్వాత కొలత ఎంత... ఈ నాలుగూ ఒక పేజీలో రాయండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. బ్యాకప్ మాత్రం ముందే తీసుకోండి. పోయిన సేవ్‌ల గురించి మా తమ్ముడు ఇప్పటికీ దెప్పుతూనే ఉంటాడు!